తడి కాలపు లెక్కలు... పొడి కాలపు వాటాలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, పినాల్ కౌంటీలో పత్తి, అల్ఫాల్ఫా గడ్డి పండించే రైతులకు 2022లో కొలరాడో నది నీళ్లలో భారీ కోత పడింది. 2021 ఆగస్టులో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఆ నదిపై తొలిసారి కొరత ప్రకటించింది. వాటాల వరసలో అట్టడుగున ఉన్నది వీరే కాబట్టి మొదటి దెబ్బా వీరికే తగిలింది. కరవు అనేసి ఊరుకోవచ్చు. కానీ పొరపాటు జరిగింది కరవులో కాదు, అంతకు ముందరి తడి కాలాన్ని అర్థం చేసుకోవడంలో.

ఆ ప్రాంతపు శీతకాల వానలకూ మంచుకూ తాళం చాలావరకు పసిఫిక్ మహాసముద్రం దగ్గర ఉంది. అమెరికా తీరం వెంబడి సముద్రం వేడెక్కితే తుపాన్ల దారి దక్షిణానికి జరుగుతుంది. అప్పుడు అరిజోనా, న్యూమెక్సికో తడుస్తాయి, వాయవ్యాన వాషింగ్టన్ వైపు ఎండుతుంది. చల్లబడితే ఇది తిరగబడుతుంది. ఎల్‌నినో ఈ పని ఒకటి రెండేళ్లు చేస్తే, పసిఫిక్ దశాబ్ది ఊగిసలాట ఇరవై ముప్పై ఏళ్లపాటు చేస్తుంది. 1947 నుంచి 1976 దాకా చల్లని దశ. నైరుతి అమెరికాను 1950లలో తీవ్ర కరవు పీడించింది. 1977 నుంచి 1990ల చివరి దాకా వెచ్చని దశ. 1983 వరదకు కొలరాడోపై ఉన్న గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్ల మీద ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి నీళ్లు ఆపాల్సి వచ్చింది. అరిజోనాకు నీరు తెచ్చే సుమారు 540 కిలోమీటర్ల కాలువ పూర్తయింది 1993లో, అంటే ఆ తడి రోజుల్లోనే. ఆ తర్వాత ఎక్కువ కాలం చల్లని దశే నడిచింది. 2022 నాటికి అదే నదిపై ఉన్న మీడ్ జలాశయం 1930లలో నిండడం మొదలయ్యాక ఎన్నడూ లేనంతగా అడుగంటింది.

ఈ ఊగిసలాట గడియారంలా తిరిగే చక్రం కాదు కదా అంటారు. నిజమే. ఎల్‌నినో ప్రభావం, గాలులు, సముద్రపు జ్ఞాపకశక్తి కలిసిన మిశ్రమమే ఇదని శాస్త్రవేత్తలే చెబుతున్నారు. 2015-16లో బలమైన ఎల్‌నినో వచ్చినా దక్షిణ కాలిఫోర్నియా తడవలేదు. 2022-23లో దానికి విరుద్ధమైన లానినా ఉన్నా కాలిఫోర్నియా మునిగింది. అయితే వచ్చే ఏడాది జోస్యానికే ఇవి అడ్డు. తడి ఏళ్లూ పొడి ఏళ్లూ గుంపులుగా వస్తాయన్న సంగతి చెక్కుచెదరదు. గుంపు మధ్యలో నిలబడి తీసిన సగటు మోసం చేస్తుంది. కొలరాడో నీళ్లు పంచిన 1922 ఒప్పందం నదిలో ఏటా 1.6 కోట్ల ఎకరా అడుగులకు పైగా ఉందనుకుంది. 1976లో చెట్ల వలయాలు చదివితే శతాబ్దాల సగటు 1.35 కోట్ల దగ్గరే తేలింది. ఒప్పందానికి ముందరి ఏళ్ల తడికి కారణం ఈ ఊగిసలాటేనని గట్టిగా చెప్పలేం, కానీ తడి గుంపు సగటును నమ్మడమే ఆ లెక్కలోని లోపం.

నది తగ్గడానికి భూతాపమే కారణమన్న వాదన మరింత బలమైనది. వేడికి మంచు నీళ్లు కొంత నదిలోకి చేరేలోపే ఆవిరవుతున్నాయి. అందుకే జాగ్రత్త ఇంకా అవసరం, రేపు తడి దశ వచ్చి ఈ నష్టాన్ని కొన్నేళ్లు కప్పేయవచ్చు.

కృష్ణ నైరుతి రుతుపవనాల నది, దాని కథ వేరు. అయినా లెక్కకు తీసుకున్న ఏళ్లు మారితే అంకె అక్కడా మారింది: 75 శాతం విశ్వసనీయతకు బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల లెక్కతో 2,060 టీఎంసీలంటే, బ్రిజేశ్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల లెక్కతో 2,173 అంది. కొలరాడోపై 2007 నాటి మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తోంది. కొత్త ఒప్పందంలో మళ్లీ స్థిరమైన అంకెలు రాయకూడదు. గత కొన్నేళ్లలో నదిలో నిజంగా పారిన నీటిలో శాతాలుగానే వాటాలు తేల్చాలి.