ఫోటోకి ముసలి వేషం ఎందుకు?

తెలుగు సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతోందని చెప్పడానికి ఒకప్పుడు తెర మీద రింగులు తిరిగేవి. ఇప్పుడు తెర గోధుమ రంగులోకి మారితే చాలు, కథ ముప్పై ఏళ్లు వెనక్కి పోయిందని హాల్లో అందరికీ అర్థమైపోతుంది. ఫోన్‌లోని సెపియా ఫిల్టర్ చేసే పనీ అదే. నిన్న సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద దిగిన సెల్ఫీని తాతగారి కాలానికి తోసేస్తుంది.

ఈ అలవాటు డార్క్‌రూమ్‌లోకీ జొరబడింది. ఫిల్ము మీద తీసి, ఎన్‌లార్జర్ ముందు నిలబడి, తమ చేత్తో బ్లాక్ అండ్ వైట్ ప్రింటు వేసుకోవాలన్న సరదా కుర్రకారులో మళ్లీ కనిపిస్తోంది. వాళ్లలో నలుపుకి వెచ్చటి ఛాయనిచ్చే వార్మ్‌టోన్ పేపరు తెప్పించుకున్నవాళ్లని ఎందుకని అడిగితే మొదట వినిపించే జవాబు, ‘పాత లుక్ వస్తుంది కదా’ అని. ఆ ఒక్క కారణానికే అయితే ఆ పేపరు కొనడం దండగ. అది పాతదనాన్ని పూసే పేపరు కాదు. టోనింగ్‌కి, అంటే ప్రింటులోని వెండి రంగుని రసాయనాలతో మార్చే పనికి, మామూలు పేపరు కన్నా ఎక్కువగా లొంగే పేపరు. దాన్ని ఎంచుకోవాల్సింది ఆ గుణం చూసి.

అసలు ‘పాత ఫోటో రంగు’ అని మనం అనుకునేదే సగం భ్రమ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రాల్నే చూడండి. ఆ కాలం ప్రింట్లు ఎక్కువగా ఆల్బుమెన్ కాగితం మీద వేసినవి. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెండి లవణంతో దాన్ని వెలుగుకు స్పందించేలా చేసి, గాజు నెగటివ్ కింద పెట్టి ఎండకు ఆరబెట్టినట్టు ఉంచేవారు. బొమ్మ ముందు ఎర్రటి గోధుమ రంగులో వచ్చేది. దాన్ని బంగారు లవణం కలిపిన ద్రావణంలో ముంచితే వంకాయ ఛాయ ఉన్న నిండు గోధుమ రంగుకి తిరిగేది. ఆ రోజుల్లో అది మామూలుగా వాడుకలో ఉన్న పద్ధతి. ఫలక్‌నుమా ముందు నిలబడ్డ అతిథులెవరికీ ఆ ప్రింటు పాతకాలపుదిగా తోచి ఉండదు. ఇవాళ మనకు కనిపించే పసుపుపచ్చ తెలుపు తర్వాత వచ్చింది. తెల్లసొన పొర ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, వెండి వెలిసిపోతుంది. అంటే ఫిల్టర్ అనుకరిస్తున్నది దీన్‌దయాళ్ పనితనాన్ని కాదు, ఆయన ప్రింట్లకు కాలం చేసిన నష్టాన్ని.

వార్మ్‌టోన్ పేపర్లో గోధుమ రంగు ఎక్కడా కలపరు. అక్కడా ఉన్నది వెండే. మామూలు పేపరు మీది ఎమల్షన్‌లో, అంటే వెలుగుకు స్పందించే పూతలో, సిల్వర్ బ్రోమైడ్ పాలు ఎక్కువ. వార్మ్‌టోన్ రకాల్లో క్లోరైడ్ పాలు పెంచుతారు, స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి. డెవలప్ అయ్యాక మిగిలే వెండి రేణువు కూడా సన్నగానే ఉంటుంది. పెద్ద రేణువులు అన్ని రంగుల వెలుగునూ ఇంచుమించు సమానంగా మింగేస్తాయి కనుక నలుపు నలుపుగానే కనిపిస్తుంది. సన్న రేణువులు నీలాన్ని ఎక్కువగా మింగి ఎరుపును వదిలేస్తాయి. అందుకే ఆ నలుపులో వెచ్చదనం. రేణువు పెరిగితే అది తగ్గిపోతుంది. డెవలపర్లో ఎక్కువసేపు ఉంచినా, ఘాటైన డెవలపర్ వాడినా ఖరీదైన వార్మ్‌టోన్ పేపరు కాస్తా మామూలు పేపరులా చల్లబడుతుంది. వెలుగు కొంచెం ఎక్కువిచ్చి, పల్చని డెవలపర్లో త్వరగా తీసేస్తే వెచ్చదనం నిలుస్తుంది.

ఈ పేపర్ల చరిత్రలో మూతపడ్డ ఫ్యాక్టరీలే ఎక్కువ. ఆగ్ఫా వారి పోర్ట్రిగా రాపిడ్, రికార్డ్ రాపిడ్ అంటే పాతతరం ప్రింటర్లు ఇప్పటికీ నిట్టూరుస్తారు. వాటి ఎమల్షన్‌లోని కాడ్మియం పర్యావరణానికి చేటని తీసేశాక మునుపటి రంగు రాలేదన్నది వాళ్ల ఫిర్యాదు. కొడాక్ 2005లో బ్లాక్ అండ్ వైట్ పేపర్ల తయారీ నుంచి తప్పుకుంది. అదే ఏడాది ఆగ్ఫా ఫోటో దివాలా తీసింది. హంగరీలోని వాట్స్ పట్టణంలో పాలీవార్మ్‌టోన్ తయారుచేసిన ఫోర్టే ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. మన దగ్గర ‘ఇందు’ పేరుతో ఫిల్మూ పేపరూ అందించిన ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కథ కూడా ముగిసింది. 2004లో మునగబోయిన ఇల్ఫర్డ్‌ని మాత్రం దాని మేనేజర్లే కొనుక్కుని హార్మన్ టెక్నాలజీ పేరుతో నిలబెట్టారు. ఇంగ్లండ్‌లోని మోబర్లీ నుంచి వాళ్ల మల్టీగ్రేడ్ వార్మ్‌టోన్, చెక్ దేశంలోని హ్రాడెట్స్ క్రాలోవే నుంచి ఫోమా వారి ఫోమాటోన్ ఇప్పుడు ప్రధానంగా వినిపించే పేర్లు. దిగుమతి సరుకు కాబట్టి ఒక్కో షీటూ లెక్కపెట్టుకుని వాడాల్సిందే.

అంత ఖరీదు పెట్టే ముందు టోనర్ సంగతి తేల్చుకోవాలి. పేపరు కొన్నాక టోనర్ గురించి ఆలోచించడం చీర కొన్నాక రవిక గుడ్డ కోసం ఊరంతా తిరిగినట్టే. ఇల్ఫర్డ్ మామూలు మల్టీగ్రేడ్ ప్రింటుని సెలీనియం టోనర్లో ముంచితే నలుపు కాస్త చిక్కబడుతుంది, రంగులో మార్పు స్వల్పం. అదే నెగటివ్ నుంచి వార్మ్‌టోన్ మీద వేసిన ప్రింటుని ముంచండి, నీడలు ముందు వంకాయ రంగుకి, ఆపై ఎర్రటి గోధుమకి మళ్లుతాయి. సన్న రేణువు మీద సెలీనియం వేగంగా పనిచేయడమే కారణం. సెలీనియం నీడల నుంచి మొదలుపెట్టి వెలుగు భాగాల వైపు పాకుతుంది. నచ్చిన దశలో ప్రింటుని బయటికి లాగి నీళ్లలో వేయొచ్చు.

సెపియా తీరు దీనికి తలకిందులు. ముందు పొటాషియం ఫెర్రిసైనైడ్, బ్రోమైడ్ కలిపిన బ్లీచ్‌లో వేస్తే బొమ్మ వెలుగు భాగాల నుంచి చెరగడం మొదలవుతుంది. తర్వాత థయోయూరియా బాత్‌లో అది సిల్వర్ సల్ఫైడ్‌గా తిరిగి లేస్తుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పేపరు ఎంత వెచ్చటిదైతే సెపియా అంత గొప్పగా వస్తుందనుకుంటారు. నిజానికి రేణువు సన్నబడేకొద్దీ సెపియా పసుపు వైపు జారుతుంది. కాఫీ డికాక్షన్ లాంటి ముదురు గోధుమ కావాలనుకుంటే మామూలు పేపరే మేలు కావచ్చు. థయోయూరియాతో పాటు వేసే క్షారం పాలు పెంచినా రంగు ముదురుతుంది. బ్లీచ్‌ని సగంలో ఆపి సెపియా చేసి, మిగిలిన నీడల్ని సెలీనియంకి వదిలేస్తే ఒకే ప్రింటులో రెండు రంగులు పొరలుగా కూర్చుంటాయి. ఇక బంగారు టోనర్ టోనింగ్ చేయని వార్మ్‌టోన్ ప్రింటుని నీలి ఛాయకి తిప్పుతుంది, సెపియా చేసిన ప్రింటుని నారింజ ఎరుపుకి తీసుకెళుతుంది. ఒకే డబ్బాలోని పేపరు ఇన్ని దారులు చూపిస్తుంటే దాన్ని ‘పాత లుక్’ దగ్గరే ఆపేయడం అన్యాయం.

టోనింగ్ వల్ల రంగుతో పాటు ఆయుష్షూ పెరుగుతుంది. గాలిలోని కాలుష్యం, తేమ కలిసి ప్రింటులోని వెండిని మెల్లగా తినేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ బెడద మరీ ఎక్కువ. సల్ఫైడ్‌గానో సెలీనైడ్‌గానో మారిన వెండి ఆ దాడిని బాగా తట్టుకుంటుంది. అయితే సెలీనియం విషపదార్థం. చేతికి గ్లవ్స్, గదికి ధారాళంగా గాలి ఉండాల్సిందే. వాడేసిన ద్రావణాన్ని సింకులో పారబోయడం నేరంతో సమానం.

వెచ్చదనం అంటే గతం అన్న సమీకరణాన్ని గొప్ప ప్రింటర్లు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆన్సెల్ ఆడమ్స్‌కి గోధుమ ఛాయ నచ్చేది కాదు. సెలీనియంని ఆయన ప్రింటులోని పచ్చటి జీరని పోగొట్టి, కాస్త ఊదా తగిలిన చల్లటి నలుపు రాబట్టడానికి వాడుకున్నారు. 1941లో న్యూ మెక్సికోలో తీసిన ‘మూన్‌రైజ్’ని ఆ నలుపులోనే చూడాలి. అర్వింగ్ పెన్‌ది ఎదురు దారి. 1970లలో ఆయన వీధిలో ఏరిన సిగరెట్ పీకల్ని దగ్గరగా ఫోటో తీసి, వాటిని వెచ్చటి ఛాయ ఉన్న ప్లాటినం–పల్లాడియం ప్రింట్లుగా వేశారు. 1975లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం గోడలకెక్కిన ఆ చిత్రాల్లో పాతకాలం మీద బెంగ మచ్చుకైనా లేదు. కాళ్ల కింద నలిగిన చెత్తకి రాజఠీవి తెచ్చింది ఆ మెత్తని మధ్యఛాయల నిండుదనం. ఆడమ్స్ వద్దన్నా, పెన్ కావాలన్నా ఇద్దరూ లెక్కచూసింది ఎదురుగా ఉన్న బొమ్మ అవసరాన్నే.

రాయికి, చర్మానికి, చెక్కకి వెచ్చటి పేపరు, వానకి, ఇనుముకి చల్లటి పేపరు అనే సూత్రం తేలిగ్గా చెలామణీ అవుతోంది. దాన్నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. నల్లటి ముఖంలో కాంతి పలికేది ముందుగా సరైన ఎక్స్‌పోజర్ వల్ల. మధ్యఛాయలు బురదలా ఉన్న ప్రింటుని ఏ టోనరూ బాగుచేయలేదు. గోల్కొండ గ్రానైట్ మిట్టమధ్యాహ్నం ఎండలో నిప్పులు చెరుగుతుంటే దానికి చల్లటి నలుపే న్యాయం చేయొచ్చు.

కాబట్టి మొదటి డబ్బా కొనేవాళ్లకు సలహా ఇది. రెండు రకాల పేపర్లు చిన్న ప్యాకెట్లు తెప్పించుకోండి. షీట్లను ముక్కలు చేసి ఒకే నెగటివ్‌ని రెండింటి మీదా వేయండి. పేపరు అట్ట తెల్లగా ఉందా, మీగడ రంగులో ఉందా చూడండి, ఎందుకంటే మీగడ తెలుపుని ఏ టోనరూ కడిగేయలేదు. ముక్కల్ని సెలీనియంలో ఒకసారి, సెపియాలో ఒకసారి వేసి, వెనక నిమిషాలు పెన్సిల్‌తో రాసుకోండి. మన వేసవిలో కుళాయి నీళ్లు కాలిపోతుంటాయి కనుక డెవలపర్ ట్రే కింద ఐసునీళ్ల తొట్టి పెట్టి 20 డిగ్రీల దగ్గర ఉంచండి, లేకపోతే ఆ రాతలకి విలువుండదు. తీర్పు మాత్రం తడి ప్రింటు చూసి ఇవ్వకండి. ఆరాక ఛాయ ఒక మెట్టు ముదురుతుంది.

ఇదంతా కంప్యూటర్లో ఒక స్లయిడర్ జరిపితే వచ్చేదే కదా అంటారు. తెర మీద రంగు వస్తుంది, కాదనలేం. అయితే స్లయిడర్ బొమ్మంతటికీ ఒకేలా పూసే గోధుమ వేరు, నీడల్లో ఒకలా, వెలుగులో మరోలా వెండే మారడం వేరు. ఈ తేడా తెలియాలంటే ప్రేక్షకుడికి ఎవరో ఒకరు చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫోటో ప్రదర్శన పెట్టే గ్యాలరీలు, కళాశాలలు చిత్రం పక్కన ‘సిల్వర్ జెలటిన్ ప్రింట్’ అని రాసి చేతులు దులుపుకుంటే చాలదు. పేపరు ఏదో, డెవలపర్ ఏదో, టోనర్ ఏదో కూడా ఆ చీటీ మీద ఉండాలి. ఖర్చు రెండు పంక్తుల సిరా. గోధుమ రంగు చూసి ‘ఎప్పటి ఫోటో ఇది?’ అని అడిగే ప్రేక్షకుడు ‘ఈ రంగు ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడగడానికి ఆ రెండు పంక్తులు అవసరం.