మొరలోని ఊరట

గోలకొండ చెరసాలలో కంచెర్ల గోపన్న తన రాముని నిలదీసి అడిగిన వైనమును ప్రతి తెలుగు విద్యార్థియు ఎరుగును. ఆ భద్రాచల భక్తుడు తాను చేయించిన నగలకు లెక్క చెప్పి, వానిని ధరించి కులుకుచున్న దేవుని ఎత్తిపొడిచి, మరుక్షణముననే అట్లు తూలనాడినందుకు మన్నింపుమని వేడుకొనెను. శ్రీకాకుళాంధ్ర విష్ణువుపై శతకము చెప్పిన కాసుల పురుషోత్తమకవి మరియొక అడుగు ముందుకు వేసి నిందనే స్తుతిగా మలచెను. దేవునితో తగవులాడువాడు నాస్తికుడు కాడు, మిక్కిలి దగ్గరి చుట్టమని తెలుగువాడు ఏనాడో గ్రహించెను. చుట్టరికము లేనిచోట అలుక యెక్కడిది?

ఈ సంగతి తెలిసిన పాఠకునకు క్రైస్తవుల కీర్తనల గ్రంథము పరాయి వస్తువుగా తోపదు. దావీదు పేరిట ప్రసిద్ధికెక్కిన ఆ గ్రంథమున 150 కీర్తనలు కలవు. వానిలో స్తోత్రములున్నవి, కృతజ్ఞతలున్నవి, రాజులకు పాడిన మంగళములున్నవి. కాని తక్కిన అన్ని తెగలకంటెను సంఖ్యలో అధికమైనవి మొరలు. ఒకడు రోగముచే తన యెముకలు క్రుళ్లుచున్నవని చెప్పుకొనును. వేరొకడు కలిసి నడచిన స్నేహితుడే తన్ను వంచించెనని వాపోవును. మరియొకడు దేవుడు నిద్రపోవుచున్నాడా యని సూటిగా ప్రశ్నించును. ఇట్టి కీర్తనలు చాలవరకు తుదకు ఒక నమ్మిక మాటతో ఒడ్డునకు చేరును. 88వ కీర్తనకు ఆ మాత్రపు వెలుగును లేదు. అది చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోవును. ఆ గ్రంథమును కూర్చిన పెద్దలు దాని చివర ఒక శుభవాక్యమును తగిలింపలేదు, పరిహరింపనైనను లేదు. తెలివిగల సంపాదకులనవలెను.

క్రైస్తవ విశ్వాసము సామాన్యుని దినచర్యలో ఏమి ఊరట నిచ్చుచున్నదను ప్రశ్నకు సమాధానమును ఇచ్చటనే వెదకవలెను. విశ్వసించినవానికి కష్టములు తొలగునని చెప్పుట సులభము. వేదికలపై అట్లు చెప్పువారు నేడు కొల్లలుగా ఉన్నారు. కాని వారు చేతబట్టుకొనిన గ్రంథమే వారికి సాక్ష్యము పలుకదు. గెత్సేమనే తోటలో యేసు ఆ గిన్నె తనయొద్దనుండి తొలగవలెనని ప్రార్థించెను, అది తొలగలేదు. మెలకువగా నుండుడని తన ముగ్గురు శిష్యులను కోరెను, వారు నిద్రపోయిరి. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని మూడుమారులు వేడుకొనెను. ఆ ముల్లు అట్లే యుండెను. అది ఏ వ్యాధియో పౌలు చెప్పలేదు కనుక వ్యాఖ్యాతలకు నేటికిని పని దొరకుచున్నది. సిలువపై యేసు పలికిన విలాపము సైతము 22వ కీర్తన మొదటి మాటయే. మరణవేళ ఆయన నోట వెలువడినది తన జాతివారు తరతరములుగా పాడుకొనిన పాత మొర. దుఃఖించువానికి దీనివలన కలుగు ధైర్యము ఒక్కటే: తాను మొరపెట్టుట తప్పు కాదు, తనకంటె ముందు దేవుని కుమారుడే మొరపెట్టెను.

ఓదార్చుటకు వచ్చువారి సంగతి వేరు. యోబు గ్రంథమును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో పాఠ్యముగా పెట్టినను తప్పులేదు. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒడలెల్ల కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును చూడ ముగ్గురు స్నేహితులు వచ్చిరి. ఏడు పగళ్లు ఏడు రాత్రులు వారు నేలపై అతనితోకూడ మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచివారే. ఎనిమిదవనాడు నోరు తెరచిరి. నీవేదో పాపము చేసియుందువు, లేకున్న నీకీ గతి యేల పట్టునని ఒకరి తరువాత ఒకరు తర్కించిరి. వారి వాదములలో అలంకారమున్నది, పాండిత్యమున్నది, సంప్రదాయ బలమున్నది. కట్టకడపట దేవుడు తీర్పు చెప్పినపుడు కోపగించినది యోబుపై కాదు, తన పక్షమున వాదించిన ఆ స్నేహితులపైన! దేవుని నిలదీసినవాడు యుక్తముగా పలికెననియు, దేవుని సమర్థించినవారు పలుకలేదనియు తేలెను. తండ్రి పోయిన విద్యార్థి పదిదినముల తరువాత బడికి వచ్చినపుడు అంతయు మన మంచికే యని చెప్పబోవు ఉపాధ్యాయుడు ఆ మొదటి ఏడు దినములను గుర్తు తెచ్చుకొనుట మేలు.

పరీక్షల కాలమున ఈ విషయము మరింత బరువెక్కును. మార్చి నెల రాగానే దేవాలయములలో కలములను పూజలో ఉంచుదురు. ప్రార్థన మందిరములలో హాలు టిక్కెట్లపై చేతులుంచి ప్రార్థింతురు. అందు దోషమేమియు లేదు. భయపడు పిల్లవానికి ఒక పెద్దచేయి తలపై నుండుట మంచిదే. చిక్కు ఫలితములు వెలువడిననాడు వచ్చును. నమ్మినవానికి జయము తథ్యమని వినియున్న బాలుడు తప్పినయెడల రెండు ఓటములను మోయవలసియుండును. చదువులో ఓడితిననుట ఒకటి, తన నమ్మకమే చాలలేదనుట రెండవది. 2019లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. వారు వేర్వేరు ఇండ్లవారు, వేర్వేరు నమ్మకములవారు. కారణములను ఒక్క మాటలో తేల్చుట అవివేకము. కాని ఓడితినని ఇంట చెప్పుకొనుటకు మాట దొరకని పిల్లలు మన తరగతులలో ఉన్నారనుట నిజము. మొరపెట్టుట నేర్పని భక్తి, అది ఏ మతమువారిదైనను, అట్టి బిడ్డకు అక్కరకు రాదు.

ప్రార్థన ఉన్నది గదా, వైద్యుడెందుకను పెద్దలు కొందరున్నారు. వారికి పౌలు లేఖలే జవాబు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. కడుపునొప్పితో తరచు బాధపడు శిష్యుడు తిమోతికి పౌలు వ్రాసినది అద్భుత కథ కాదు, నీళ్లు మాత్రమే త్రాగక కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మను పథ్యము. ఆ పౌలు తానును డేరాలు కుట్టి పొట్టపోసికొనినవాడు.

విశ్వాసము దారి చూపుననుటకు యేసు చెప్పిన ఉపమానములంత తేటయైన నిదర్శనము వేరొకటి లేదు. వానిలోని మనుష్యులలో పెక్కురు రాజులు ఋషులు కారు. ఒక నాణెము పోగొట్టుకొని దీపము వెలిగించి ఇల్లంతయు ఊడ్చు ఇల్లాలు, పిండిలో పులిపిండి కలుపు స్త్రీ, విత్తనములు చల్లు రైతు. వీరందరిలో ద్రాక్షతోట కూలీల కథ తెలుగు దేశపు పాఠకునకు మిక్కిలి చేరువ. తోట యజమాని ప్రొద్దున్నే సంతవీధికి పోయి దినమునకొక దేనారము చొప్పున కూలీలను కుదుర్చుకొనెను. మరల తొమ్మిది గంటలకు, పండ్రెండు గంటలకు, మూడు గంటలకు పోయి మరికొందరిని తెచ్చెను. ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట యున్నదనగా మరల వెళ్లెను. అచ్చట ఇంకను కొందరు నిలిచియుండిరి. ఊరక ఎందుకు నిలిచితిరని అడుగగా మమ్మెవరును పిలువలేదనిరి. ఆ సాయంకాలము వారికిని పూర్తి కూలియే ముట్టెను. తక్కినవారు సణగిరి. తర్కమునుబట్టి చూచిన వారి సణుగుడు న్యాయమే. ఈనాడు మన పట్టణములలో తెల్లవారుజామున అడ్డా మీద పలుగు పారలతో నిలిచి, తొమ్మిదయినను పిలుపు రాక, మధ్యాహ్నమునకు ఇంటిదారి పట్టువానికి మాత్రము ఈ కథను ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. పని దొరకనివానికిని కడుపు ఒకటే. ఈ ఉపమానమును స్వర్గప్రాప్తికి అన్వయించు వ్యాఖ్యానము ప్రాచీనమైనది, గౌరవింపదగినది. కాని కూలివాడు తొలుత వినునది కూలి లెక్కనే. అట్లు వినుటలో తప్పులేదు.

అన్నము కొరకు మతము మారిరను నింద ఈ సందర్భమున తప్పక వచ్చును. పెద్దలు ధాత కరువని చెప్పుకొనిన 1876-78 నాటి మహాక్షామములో ఒంగోలునందలి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని చూపి కూలి యిచ్చెను. ఆ దినములలో జ్ఞానస్నానము కోరి వచ్చినవారిని ఆయన చేర్చుకొనలేదు. కూలి కొరకు వచ్చిరను మాట రారాదని ఆగెను. సహాయ కార్యక్రమము ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది జ్ఞానస్నానము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగపల్లెలవారు. కూలి ఆగిన తరువాత వచ్చినవారిని కూలి కొరకు వచ్చిరనుట ఎట్లు పొసగును? వారు కోరినది గౌరవము. ఊరి బావియొద్ద దొరకనిది నదిలో దొరకెను. అది సంపూర్ణముగా దొరకెనా యనునది మరియొక ప్రశ్న. క్రైస్తవ సమాజములోనికి కులము వెనుక ద్వారమున ప్రవేశించిన సంగతి అందరెరిగినదే.

ప్రభుత్వ లెక్కలలోను ఈ చిక్కు వీడలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకే పరిమితము చేసెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. కనుక పేటలోని పిల్లవానికి బడి రిజిస్టరులో ఒక పేరు, ఆదివారమునాడు మరియొక పేరు. ఆ రిజిస్టరును వ్రాయునది ఉపాధ్యాయుడే. రెండు పేర్లను వినియు విననట్లు ఊరకుండు సౌజన్యము మన బడిపంతుళ్లలో అనేకులకున్నది. దానిని ఏ పురస్కారమును గుర్తింపలేదు.

ఆ పేటలలో ఊరట పాట రూపమున నిలిచినది. బ్రాహ్మణ కుటుంబమున 1803లో పుట్టి, 1833లో క్రైస్తవమును స్వీకరించి, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి నూటికి పైగా తెలుగు కీర్తనలు రచించెను. పాశ్చాత్యుల బాణీలను అరువు తెచ్చుకొనక పల్లవి, చరణములతో, మన రాగతాళములలో కూర్చెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచినవారికి త్యాగరాజ కృతుల పుస్తకమునందువలెనే ప్రతి పాట తలపైన రాగము, తాళము కనబడును. అక్షరము రాని స్త్రీలు ఈ పాటలను వందలుగా కంఠస్థము చేసిరి. నాట్లు వేసి వచ్చి, పొయ్యి రాజవేయక మునుపు, దీపము ముందర రెండు చరణములు పాడుకొనుట వారికి అలవాటు. అప్పులవాడు వచ్చి పోయిననాడును, అల్లుడు బిడ్డను పంపివేసిననాడును ఆ రెండు చరణములు తప్పవు. అప్పు తీరలేదు, బిడ్డ తిరిగి పోలేదు. కాని ఆ సంగతులన్నియు ఒకరి చెవిని వేసితినను తృప్తితో ఆమె బియ్యము కడుగును. ఇది భ్రమ యని త్రోసివేయుటకు ముందు, ఆ ఇంట మరునాటి ఉదయము ఎవరు అందరికంటె ముందు నిద్ర లేచెదరో చూడవలెను.

ఇందు భాషాభిమానులు గమనింపవలసిన వింత యొకటి కలదు. తెలుగు బైబిలు నేటికిని చాలమంది ఇండ్లలో పాత గ్రాంథికచ్ఛాయలోనే చదువబడుచున్నది. గిడుగువారి వాదము గెలిచి, తరగతి గదులనుండి గ్రాంథికము సెలవు తీసికొనెను. కాని బడి మెట్లెక్కని ముదుసలి ప్రార్థించుటకు మోకరించినపుడు ఆమె నోట 'చున్నావు'లు, 'గాక'లు తడబాటు లేక దొరలును. పండితులు విడిచినదానిని కూలి తల్లులు కాపాడుచున్నారు.

ఇంతటి వాఙ్మయమును తెలుగు అధ్యాపకులు మత గ్రంథములని ప్రక్కన పెట్టుట న్యాయము కాదు. మతమే అడ్డమైనచో అన్నమయ్యయు, రామదాసును నిలువరు. వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది 'క్రీస్తు చరిత్ర'కు. పాఠకులు ఎక్కువగా ఎరిగినది 1941 నాటి 'గబ్బిలము'. గుడిలోనికి అడుగిడ నోచుకోని అరుంధతీ సుతుడు, గుడిలో తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలముచేత కాశీ విశ్వనాథునకు తన గోడు పంపును. క్రైస్తవుల యింట పెరిగిన కవి శివునకు పంపిన విన్నపమది. దానిని సందేశకావ్యమని చెప్పి, మేఘసందేశముతో పోల్చి, పాఠము ముగించువారు పెక్కురు. అది మొర, కీర్తనల గ్రంథములోని మొరలకును, చెరసాలలోని రామదాసు మొరకును తోబుట్టువు. ఈ మూడింటిని ఒకే వారమున ఒకే తరగతిలో చదివించి, వేడుకోలు ఎచ్చట ఆగి నిలదీత ఎచ్చట ఆరంభమైనదో విద్యార్థులనే గుర్తింపుమనవచ్చును.

భిన్నమతముల పిల్లలున్న తరగతిలో ఇది కుదురునాయని సందేహించువారు రామదాసు కథ చివరను తలచుకొనవలెను. రాముడు బాకీ చెల్లించినపుడు దర్శనము కలిగినది పాడి పాడి అలసిన గోపన్నకు కాదు, గోలకొండ నవాబు తానీషాకు. ఇన్ని తరములుగా ఈ కథ వినిన పిల్లలలో తానీషా మతమేమని అడ్డుచెప్పినవారు లేరు. గోపన్నకు ఎందుకు కనబడలేదని మాత్రము వారు తప్పక అడుగుదురు.