గరిటె ఎవరి చేతిలో ఉండాలె?

జమ్మికుంటలో హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న మేం కొంతమందిమి కూసొని మాట్లాడుకొని ఇది రాస్తున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో చర్చికి పోయేటోళ్లున్నరు, పెర్సాపేన్‌కు మొక్కేటోళ్లున్నరు, సేవాలాల్ మహారాజ్‌ను కొలిచేటోళ్లున్నరు. బైబిల్ మాట వచ్చిందని మతం పోస్ట్ అనుకొని పక్కకు జరపకుండ్రి.

సంగతి మెస్ కమిటీది. 2024ల సర్కారు ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలు చేసింది. పైసలు పెరిగినయ్ గానీ మా దగ్గర లొల్లి తగ్గలే. కమిటీల అందరూ ఒక్క దిక్కోళ్లే, మా వంతు వచ్చేసరికి కూరల నీళ్లే మిగుల్తయని తక్కువ మంది ఉన్నోళ్ల బాధ. మేం లెక్కకు సరిగ్గనే పెడుతున్నం కదా అని కమిటీ వాళ్ల కోపం.

ఇదే లొల్లి యెరూషలేములో మొదటి సంఘంలోనూ అయింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడుండ్రి. రోజూ భోజనం పంచే కాడ తమ విధవరాండ్రను పట్టించుకుంటలేరని గ్రీకు మాట్లాడే యూదులు సణిగిన్రు. పెద్దలు వాళ్ల నోరు మూయించలే. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నరు. ఆ ఏడుగురు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే! బాధ చెప్పుకున్నోళ్ల చేతికే గరిటె ఇచ్చిన్రని మాకు అర్థమైంది. "సర్దుకపోండి" అనుడు సులువు, గరిటె ఇచ్చుడే కష్టం.

నెహెమ్యా ఇంకో అడుగు ముందుకేసిండు. యూదా దేశానికి అధికారిగా ఉన్న 12 ఏండ్లు, అధికారికి రావాల్సిన భోజనపు భత్యం ముట్టలే, జనం మీద అప్పటికే బరువు ఎక్కువుందని. మా కమిటీల ముందుగాల తినేది ఎవరో మీకు తెలుసు కదా!

దూరం కథలెందుకంటరా, మన కాజీపేట దాటినంక డోర్నకల్ లేదా? అక్కడి బిషప్ అజరయ్య తమిళాయన, తిరునెల్వేలి దిక్కు నుంచి వచ్చి తెలుగు నేర్సుకున్నడు. 1910ల ఎడిన్‌బరో సభల తెల్లదొరల ముందటనే, మీరు మాతోని స్నేహితుల లెక్క ఉంటలేరని చెప్పిండు. 1912 డిసెంబర్‌ల ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిండు. భారతీయునికి ఆ పదవేందని అడ్డుపడ్డోళ్లున్నరు. మాకు నచ్చింది పదవి కాదు. పైవాళ్లను సమానత్వం అడిగిన మనిషి, కింద తన సంఘంలో కూడా మాల, మాదిగలు ఒక్క పంక్తిల కూసొని తినాలన్నడు. పైకి అడుగుడు మనకూ వచ్చు, కింద ఇచ్చుడు దగ్గరనే ఆగిపోతం.

మనల్ల ఆదివాసీ, లంబాడా పంచాయితీ ఉన్నది. 2017ల ఆదిలాబాద్‌ల ఎంత దూరం పెరిగిందో అందరికీ ఎరుకే. అది చట్టం, కోర్టు తేల్చాల్సింది, దాని మీద మాలోనే ఒక్క మాట లేదు. కానీ హాస్టల్ల పళ్లెం కోర్టు దాకా పోదు, మన చేతిలనే ఉన్నది.

దసరా సెలవులైనంక కొత్త కమిటీ పడుతది. ఈసారి సగం మందిని తక్కువ సంఖ్య ఉన్నోళ్లే ఎంచుకోవాలె, సరుకుల లెక్క ప్రతి శనివారం గోడకు అంటియ్యాలె, కమిటోళ్లు ఆఖరికి తినాలె అని అడుగుతున్నం. మూడోదానికి మాలోనే ఇద్దరు ఇంకా ఒప్పుకోలే.