బ్రేకు పైపుకి ఫ్రిజ్ టూలా?

సంపాదకులకు,

బ్రేకు పైపు మూతిని ఫ్రిజ్ మెకానిక్ టూలుతో ఇంట్లోనే విప్పార్చుకోవచ్చని గత సంచికలో రాశారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఆ టూలుతో వచ్చేది ఒంటి పొర మూతి. బ్రేకుకి కావలసింది అంచు లోపలికి మడిచి రెండు పొరలుగా చేసిన డబుల్ ఫ్లేర్; కొన్ని బండ్లకి గుండ్రటి బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట రెండోది సరిగా కూర్చోదు. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పైపులో ఒత్తిడి కారు టైరులో గాలికి 30 రెట్లు దాటుతుంది. ఒంటి పొర అంచు అంత ఒత్తిడికి చీలిపోతే పెడలు నేలకు దిగిపోతుంది.

ఫ్రిజ్ రాగి గొట్టమైనా ఫరవాలేదన్నారు. రాగి అదురుకి గట్టిపడి పగులుతుంది. మా నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి ఉక్కు పైపు త్వరగా తుప్పు పడుతుందన్నది నిజమే. దానికి రాగి-నికెల్ మిశ్రమంతో చేసిన బ్రేకు పైపులున్నాయి.

మనుషుల్నీ రొయ్యల్నీ మోసే ఆటోలు ఈ కరకట్టల మీద తిరుగుతున్నాయి. పాత పైపు కారితే మచిలీపట్నంలోనో గుడివాడలోనో బ్రేకు పని తెలిసినవారి చేత మార్పించుకోండి. బిగించాక పెడలు గట్టిగా తొక్కి పట్టి, ప్రతి నట్టు దగ్గరా తడి ఉందేమో చూడండి. వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక ఆటో యజమాని, అవనిగడ్డ