లారీ తూకం చెప్పే కోడింగ్ పాఠం



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు గట్టిగానే అడిగారు: "సార్, పక్క స్కూల్ల పిల్లలు యాప్‌లు చేస్తున్నరట. మీరింకా బేసిక్ కాడనే ఉన్నరేంది?"

ఫీజు కట్టే తండ్రిగా ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. బేసిక్ పాతదన్నదీ నిజమే. అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ 1964లో దాన్ని తయారుచేశారు. అయినా నా అభిప్రాయం చెబుతాను. వారంలో వచ్చే యాప్ సర్టిఫికెట్ కంటే, మొదటి లైను నుంచి చివరిదాకా పిల్లలే రాసుకున్న ఒక చిన్న ప్రోగ్రామ్ వాళ్లకు ఎక్కువ నేర్పుతుంది.

మనకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర వడ్ల లారీ వేబ్రిడ్జి ఎక్కడం మీరు చూసే ఉంటారు. కాంటా కింద ఉన్న లోడ్ సెల్స్ బరువును పసిగడతాయి. పక్కనున్న డిస్‌ప్లే బాక్సు ఆ బరువును అక్షరాల వరుసగా మార్చి, సీరియల్ పోర్టు కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు పంపగలదు. బేసిక్‌లో ఆ పోర్టును కూడా ఒక ఫైల్‌లాగే ఓపెన్ చేసి చదవవచ్చు. రెండు వైపులా వేగం ఒకటే ఉండాలి. ఒకవైపు 9600, మరోవైపు 4800 పెడితే స్క్రీన్ మీద అర్థంలేని గుర్తులే వస్తాయి.

అలా వచ్చిన వరుసను స్ట్రింగ్ అంటారు. అందులోంచి అంకెలను కత్తిరించి, సంఖ్యగా మార్చాలి. మార్చకుండా పోల్చితే కంప్యూటర్ లెక్కలో 24560 కంటే 8240 పెద్దది! ఎందుకంటే అక్షరాలను అది మొదటి దాని నుంచి పోల్చుతుంది. 2 కంటే 8 పెద్దది కదా.

ఇక ఫైల్ సంగతి. లోడుతో లారీ 24560 కిలోలు తూగిందనుకోండి. సరుకు దించాక, కొన్ని గంటల తర్వాత, ఖాళీ లారీ 8240 కిలోలు. వడ్లు 16320 కిలోలు, అంటే 163 క్వింటాళ్ల 20 కిలోలు. ఈ మధ్యలో కరెంటు పోతే? మొదటి తూకాన్ని ఫైల్‌లో రాసి ఉంచకపోతే అది పోయినట్టే. ఆ ఫైల్‌ను 'అపెండ్' అని తెరిస్తే కొత్త తూకం పాతవాటి చివర చేరుతుంది. పొరపాటున 'అవుట్‌పుట్' అని తెరిస్తే పొద్దుటి నుంచి రాసినవన్నీ చెరిగిపోతాయి. ఒక్క మాట తేడా. అవతల ఉన్నది ఒక రైతు ఆరుగాలం కష్టం.

"అయితే పైథాన్ నేర్పండి" అంటారేమో. తప్పకుండా నేర్పాలి. కానీ పైథాన్‌లోనూ 'డబ్ల్యూ' అని ఫైల్ తెరిస్తే పాతదంతా చెరిగిపోతుంది, 'ఎ' అంటే చివర చేరుతుంది. భాష మారినా జాగ్రత్త అదే. ఆ జాగ్రత్త ఇప్పుడు అలవాటైతే రేపు ఏ భాషలోనైనా పనికొస్తుంది.

మీకు నాదొక విన్నపం. ఈ ఆదివారం మీ పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు.

నీ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌లో రాస్తుంది?
మధ్యలో కరెంటు పోతే ఏం మిగులుతుంది?
తప్పు అంకె వస్తే నీకెలా తెలుస్తుంది?

జవాబు వెంటనే రాకపోతే కోప్పడకండి, మార్కులతో పోల్చకండి. "చూసి చెప్తా" అని మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంటే, మీరు కట్టిన ఫీజుకు ఫలితం వచ్చినట్టే. వీలైతే ఈసారి ఊరెళ్లేటప్పుడు దారిలో ఒక వేబ్రిడ్జి దగ్గర ఆగి, తూకం చీటీ ఎలా వస్తుందో చూపించండి. మిగతా పాఠం మేం క్లాసులో చెబుతాం.

- మీ పిల్లల కంప్యూటర్ టీచర్