బ్రేకు లేకున్నా సైకిల్ నడుస్తుంది

ఈసారి గోడపత్రికకు ఏదైనా ఒక విషయం మీద మీ అభిప్రాయం రాయండి అని మేడం చెప్పగానే క్లాసులో అందరూ మాతృభాష, వరకట్నం, సెల్‌ఫోన్ అని పంచేసుకున్నారు. నా వంతు వచ్చేసరికి పెద్ద విషయాలన్నీ అయిపోయాయి. "నువ్వేం రాస్తావు?" అంటే "సైకిల్ బ్రేకులు" అన్నాను. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. "రాయి, చూద్దాం" అన్నారు. అందుకని రాస్తున్నా.

నాది నాయిన సైకిల్. నల్లటి అట్లాస్, 22 అంగుళాల ఫ్రేము, మధ్యలో అడ్డకమ్మీ ఉన్న మగవాళ్ళ సైకిల్. పెళ్ళికి ముందు కొన్నాడట. సాఖర్ పేట నుంచి అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో కార్ఖానాకు 20 ఏళ్ళకు పైగా దాని మీదే పోయి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక షేర్ ఆటోలో పోతున్నాడు, సైకిల్ నాకొచ్చింది. మన స్టాండులో దాన్ని చూసి "మీ తాత వచ్చిండా కాలేజీకి?" అని అడిగినవాళ్ళు ఇది చదువుతున్నారని నాకు తెలుసు.

దానికున్నవి రాడ్ బ్రేకులు. ఇప్పటి సైకిళ్ళలాగా తీగ ఉండదు. హ్యాండిల్ కింద ఉన్న పిడిని నొక్కితే సన్నటి ఇనుప రాడ్లు ఒకదాన్నొకటి లాగి, చక్రం దగ్గర గుర్రపు రికాబులా వంగి ఉన్న ఒక కమ్మీని కదిలిస్తాయి. ఆ కమ్మీకి అటూ ఇటూ ఉన్న రబ్బరు ముక్కలు రిమ్మును లోపలి వైపు నుంచి, అంటే పుల్లలు ఉన్న వైపు నుంచి ఒత్తుతాయి. ముందు రెండు, వెనక రెండు, మొత్తం 4 రబ్బర్లు. సైకిలంతటిలో అన్నిటికంటే చౌక సామాను అదే. నా కథంతా ఆ 4 రబ్బర్ల దగ్గరే మొదలైంది.

జూన్‌లో కాలేజీ తెరిచేటప్పటికే అవి అరిగిపోయి ఇనుము ఇనుముకు తగిలి కీచుమంటున్నాయి. నేను పట్టించుకోలేదు. చెప్పు నేలకు రాసి ఆపడం అలవాటు చేసుకున్నా. ఒక నెల అట్లనే గడిచింది. చెప్పు మడమ అరిగాక అమ్మ తిట్టింది, చెప్పుల కోసమే గానీ బ్రేకుల కోసం కాదు. అప్పుడు పోయి ఒక దుకాణంలో చూపించాను. అక్కడి అబ్బాయి చూసీ చూడకుండానే, "ఈ జమానాలో రాడ్లు ఎవరు వాడుతున్నరు తాయీ? అట్లాస్ కంపెనీయే బందైంది, సామాన్లు యాడ దొరుకుతయ్? కొత్త మోడల్ ఏసిస్త" అన్నాడు. నాక్కూడా లోపల సంతోషమే అయింది. ఆ లొడలొడ చప్పుడు పోతుంది కదా అని. రాడ్లన్నీ ఊడదీసి మూలకు పారేశాడు. రెండు చక్రాలకూ తీగ బ్రేకులు బిగించాడు. తళతళలాడుతూ బాగానే ఉన్నాయి.

అవి చక్రాన్ని రెండు పక్కల నుంచి పట్టకారులా పట్టుకునే రకం. అట్లా పట్టాలంటే రిమ్ము పక్కలు బల్లపరుపుగా ఉండాలి. నా సైకిల్ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి. ఎందుకంటే దాన్ని పక్క నుంచి పట్టుకోవడానికి చేయలేదు, లోపలి నుంచి ఒత్తడానికి చేశారు. గుండ్రటి దాని మీద రబ్బరు నిలవదు, జారి పైకెక్కుతుంది. పైన ఏముంది? టైరు. రెండు వారాల్లో టైరు పక్క గుడ్డ బయటపడింది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. బ్రేకు పడుతోంది, టైరు పాతదై చిరుగుతోంది అనుకున్నా.

తర్వాతి సంగతి రాయాలంటే సిగ్గుగానే ఉంది. శ్రావణంలో ఒకరోజు సన్నగా ముసురు పట్టింది. ఆ మధ్యాహ్నం ఇంటికి పోతున్నా. గల్లీ మలుపులో ఒకామె గంపలో బీడీ కట్టలు పెట్టుకుని, పైన ప్లాస్టిక్ కవరు కప్పుకుని, అప్పజెప్పడానికి పోతోంది. నేను బ్రేకు నొక్కాను. ముందుది జారింది, వెనకది ఏం చేసిందో తెలియదు. చెప్పు రాశాను, తడి నేల మీద చెప్పూ జారింది. ఆమెకు తగిలాను. గట్టిగా తగల్లేదు, పడింది మాత్రం గంపే. బీడీలన్నీ మోరీ పక్కన నీళ్ళలో పడ్డాయి.

బీడీ చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇక్కడ నేనేమీ వివరించక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్తున్నా. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. తడిసినవి, వంకరవి, వదులువి తీసి పడేస్తారు. వాటికి కూలి రాదు. ఇచ్చిన ఆకు, తంబాకు లెక్క మాత్రం ఉంటుంది. ఆమె నన్ను తిట్టలేదు. కూర్చుని ఒక్కొక్క కట్టా చేత్తో నొక్కి చూస్తూ ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ విని, ఏమీ అనకుండా, తన ఆకులోంచే ఆమెకు బదులు బీడీలు చుట్టింది. మూడు రాత్రులు పట్టింది. నేను దారం కట్టాను.

ఆ మూడు రాత్రుల్లో నాకొచ్చిన ఆలోచనే ఈ వ్యాసం.

నాయిన నడిపే సాంచా సంగతి చూడండి. నాడె అటూ ఇటూ పోతుండగా పేక తెగిందనుకోండి. ఒక చిన్న ఇనుప ముల్లు దారం లేదని పసిగడుతుంది. వెంటనే పిడి విడిపోతుంది, బ్రేకు పడుతుంది, సాంచా నిలబడుతుంది. నాడె పడుగు మధ్యలో ఇరుక్కున్నా అంతే, దడాలున ఆగిపోతుంది. ఆగకపోతే ఒక్క దెబ్బకు వందల పోగులు తెగుతాయి, అవి అతకడానికి పూటంతా పోతుంది. కాబట్టి సాంచాలో ఆగే ఏర్పాటు చెడితే ఆ గంటలోనే జాబర్ వస్తాడు. మనుషులెక్కే సైకిల్‌కు అదే చెడితే నెలలు గడుస్తాయి. కారణం ఒకటే. సాంచా ఆగకుండా పోతే సరుకు పాడవుతుంది. సైకిల్ ఆగకుండా పోతే? పోతుంది, అంతే. పంక్చరైతే ఆ పూటే వేయిస్తాం, చైను తెగితే ఆ పూటే కలిపిస్తాం. ఎందుకంటే అప్పుడు సైకిల్ కదలదు, పనికి పోలేము. బ్రేకు పోయినా సైకిల్ నడుస్తుంది. నడిచేదాన్ని ఎవరూ ముట్టరు. మీటరుకింత, వెయ్యికింత అని కూలి లెక్క కట్టే వాడల్లో ఆగడమంటేనే నష్టం. ఆగడం కోసం డబ్బు పెట్టడమంటే ఇంకా వింతగా ఉంటుంది.

ఇంట్లో ఇంకో మాట కూడా వచ్చింది. "సైకిల్ తీసేసి కిస్తుల మీద స్కూటీ తీసుకుందాం" అని అన్న. అన్న బండికి బ్రేకు ప్లేట్లు పండగకోసారి మారుతాయి, నా సైకిల్ దగ్గరికి వచ్చేసరికి "ఏమైంది దానికి, నడుస్తుంది కదా" అంటాడు. ఆడపిల్లలు సైకిల్ తొక్కడం మీద ఎంతో రాశారు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేల మంది ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్న సంగతి మేడం చెప్పగా విని నేనూ పొంగిపోయాను. అయితే ఎక్కడం గురించి రాసినంత ఆపడం గురించి ఎవరూ రాయలేదనిపిస్తుంది. స్కూటీ వద్దన్నాను. దాని కిస్తు అంటే అమ్మ నెలనెలా ఇంకెన్ని వేల బీడీలు చుట్టాలో నాకు తెలుసు.

మా గల్లీ చివర వేపచెట్టు కింద ఒక తాత కూర్చుంటాడు. పంక్చర్లు వేస్తాడు, గాలి కొడతాడు. ఆయన దగ్గరికి ముందే పోవాల్సింది. సైకిల్‌ను పక్కకు వంచి, రిమ్ము మీద బొటనవేలు పెట్టి తిప్పి, "ఎవడు పెట్టిండు బిడ్డా ఇవి? గుండ్రాయిని పట్టకారుతో పడుతున్నట్టుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది.

తాత చెప్పింది, తర్వాత నేను కొలుచుకుని చూసింది కలిపి చెప్తాను. పాత సైకిల్‌కు ఏ బ్రేకు సరిపోతుంది అనే ప్రశ్నకు జవాబు బ్రేకులో లేదు, రిమ్ములో ఉంది. లోపలి నుంచి ఒత్తే రిమ్మైతే రాడ్ బ్రేకే పెట్టాలి. తీగ బ్రేకే కావాలంటే బల్లపరుపు పక్కలున్న రిమ్ము వేయించాలి, అంటే చక్రం మొత్తం విప్పి పుల్లలు మళ్ళీ కట్టించాలి. డిస్క్ బ్రేకు అడిగితే తాత నవ్వాడు. దాన్ని బిగించే చోటు ఫ్రేముకు ఉండాలి, హబ్బు కూడా వేరేది కావాలి.

పోనీ కొత్త చక్రమే వేద్దామంటే ఇంకో చిక్కుంది. మా పెదనాయిన కొడుకు అందులో పడ్డాడు. 28 అంగుళాలు అని అడిగి కొత్త చక్రం తెచ్చాడు. 28 అంగుళాల పేరుతో అమ్మే చక్రాలు ఒక కొలత కాదు. మన నల్ల సైకిళ్ళకు టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డుకొలత 635 మిల్లీమీటర్లు. ఇప్పటి సన్న టైర్ల సైకిళ్ళకు 622. తేడా 13, అంటే ఒక్కో వైపు ఆరున్నర మిల్లీమీటర్లు. చక్రం ఫోర్కులో కూర్చుంటుంది, తిరుగుతుంది కూడా. రబ్బరు మాత్రం ఉండాల్సిన చోట పడదు. ఆ అంకె టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, మట్టి తుడిచి చూడండి. అంగుళాలు నమ్మకండి.

అట్లాస్ సామాన్లు దొరకవు అన్న మాట కూడా సగమే నిజం. సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయిన మాట నిజమే (ఆ రోజే ప్రపంచ సైకిల్ దినం, ఏం చెప్పాలి!). కానీ ఈ నల్ల సైకిళ్ళన్నీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకే నమూనా మీద చేసినవి. లూధియానాలో ఈ రకం సైకిళ్ళు, వాటి సామాన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. చూడాల్సింది కంపెనీ పేరు కాదు, ఫ్రేము ఎత్తు. 20, 22, 24 అంగుళాల ఫ్రేములకు రాడ్ల పొడవు వేరువేరుగా ఉంటుంది. నేను తెలియక మొదటిసారి 24 దానికి సరిపోయేవి తెచ్చి, మళ్ళీ పోయి మార్చుకొచ్చాను. ఒకందుకు అదృష్టం, ఆ దుకాణం అబ్బాయి హ్యాండిల్ మార్చలేదు. పాత పిడులు తగిలించే చెవులు దానికి అట్లనే ఉన్నాయి. అవి లేకపోతే హ్యాండిల్ కూడా కొనాల్సి వచ్చేది.

బిగించడానికి తాతకు ఒక పూట పట్టింది. ముందు చక్రం వంకర తీశాడు. చక్రం ఊగుతుంటే రబ్బరు ఒకచోట రాస్తుంది, ఇంకోచోట అందదు. తర్వాత రెండు రబ్బర్లూ ఒకేసారి తగిలేలా, వదిలితే ఒక రూపాయి బిళ్ళ పట్టేంత సందు ఉండేలా బిగించాడు. ముందు బ్రేకు పీకేయమని నేనే అడిగాను. మన వాడలో చాలామంది పీకేస్తారు కదా, నొక్కితే ముందుకు పల్టీ కొడతామని. తాత ఒప్పుకోలేదు. ఆపేటప్పుడు బరువంతా ముందుకే పోతుంది, కాబట్టి ఎక్కువ ఆపేది ముందు చక్రమే, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి అన్నాడు.

రాడ్ బ్రేకులు గొప్పవని నేననడం లేదు. పిడి దూరంగా ఉంటుంది, నా వేళ్ళకు కష్టంగానే అందుతుంది. లొడలొడ చప్పుడు మళ్ళీ వచ్చింది. వాన పడితే ఉక్కు రిమ్ము మీద రబ్బరు జారుతుంది, అందుకని మలుపు రాకముందే మెల్లగా నొక్కి తడి తుడవాలి. సరైన రిమ్ముకు సరిగ్గా పెట్టిన తీగ బ్రేకు దీనికంటే మేలే. నా సైకిల్‌కు అది కాదు, అంతే. సాయంత్రం నాయిన ఇంటికొచ్చి, నేను గల్లీలోకి మలిగే చప్పుడు లోపలి నుంచే విని, "రాడ్లు మల్ల ఏయించినవా?" అన్నాడు. సాంచాల మధ్య బతికినోళ్ళ చెవులు అట్లుంటాయి.

అయిన ఖర్చు కూడా చెప్పాలి. మొదటే 4 రబ్బర్లు మార్పించి ఉంటే 60 రూపాయలతో పోయేది. తీగ బ్రేకులు, పాడైన టైరు, మళ్ళీ రాడ్లు, తాత కూలి కలిపి 1,400 దాటింది. అమ్మ మూడు రాత్రులు అందులో లేవు.

ఇంక మన స్టాండు సంగతి. ఈ వ్యాసం రాసే ముందు మధ్యాహ్నం విరామంలో పోయి కొన్ని సైకిళ్ళ బ్రేకులు నొక్కి చూశాను. అడక్కుండా ముట్టినందుకు క్షమించండి. ఎవరివో పేర్లు రాయను. ఒకదానికి వెనక రబ్బర్లే లేవు. ఇంకోదానికి తీగ తెగితే చున్నీ ముక్కతో కట్టారు. గులాబీ రంగు బుట్ట ఉన్న కొత్త సైకిల్‌కు రబ్బర్లు తిరగేసి బిగించారు, టైరును తింటున్నాయి.

మేడం గారికి, ప్రిన్సిపాల్ గారికి నా విన్నపం ఒకటే. నెలకొక శనివారం తాతను మన స్టాండులో కూర్చోనివ్వండి. గేటు లోపలికి రానిస్తే చాలు. ఎవరి రబ్బర్ల డబ్బులు వాళ్ళే ఇచ్చుకుంటారు, కూలి ఎంతో ముందే మాట్లాడుకుందాం. నేను అడిగాను, వస్తానన్నాడు. ఎండ తగలకుండా గోడ వైపు చోటు కావాలట, చాయ్ కూడా కావాలట. సైకిల్ ఉన్నవాళ్ళు ఈ కాగితం కింద ఖాళీ చోట పేరు, టైరు మీద ఉన్న అంకె రాయండి. ఏ సామాను ఎన్ని తేవాలో తాతకు నేను చెప్తాను.