మూడ్ లేదని దస్తావేజు ఆగదు

తెనాలిలో దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ని. రాహుకాలం వెళ్లాక వచ్చి, వర్జ్యం రాకముందే సంతకాలు అయిపోవాలనే పార్టీలతో నా పని. వాళ్లకు నా మనసు బాగుందో లేదో అనవసరం. అందుకే ఎవరైనా "కథలు రాయాలని ఎప్పట్నుంచో ఉందండీ, మూడే కుదరడం లేదు" అంటే నాకు జాలి కలగదు. మూడ్ కోసం ఆగితే మా వీధిలో ఒక్క సెంటు భూమి కూడా చేతులు మారదు.

మా అమ్మ రామకోటి రాసేది. స్నానం చేసి, దీపం పెట్టి, గళ్ల పుస్తకం తెరిచేది. ఒంట్లో నలతగా ఉన్నా, ఇంటికి చుట్టాలొచ్చినా కొన్ని గళ్లయినా నిండేవి. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తి కావడానికి 27 ఏళ్లు దాటుతుంది. అంత పని పెట్టుకున్న మనిషి ఏ రోజూ ప్రేరణ గురించి మాట్లాడలేదు. ఇలాంటి ఆడవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రోజూ రాయడం తెలుగువాళ్లకు చేతకాదంటే నేనొప్పుకోను.

అయితే రోజూ రాయడం వేరు, రోజూ సొంతంగా రాయడం వేరు. ఆ తేడా మా వృత్తివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. "పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వాధికారములతో" అని నిద్రలో లేపి అడిగినా రాసిస్తాను. అందులో నా మాట ఒక్కటీ లేదు. ఆమధ్య ఒక పెద్దావిడ కూతురికి ఇల్లు రాసివ్వడానికి వచ్చింది. "నేను బతికున్నన్నాళ్లు ఆ వసారా నాదేనని గట్టిగా రాయి నాయనా. నా మంచం అక్కణ్నుంచి కదపకూడదు" అంది. కాగితంలో అది జీవితకాల అనుభవ హక్కు అయింది. చట్టానికి అంతే కావాలి, తప్పు పట్టను. మంచం సంగతి దస్తావేజులో ఇమడదు. మర్నాడు పొద్దున్నే నా నోటుపుస్తకంలో ఆవిడ మాటలు ఆవిడ అన్నట్టే పెట్టుకున్నాను. పక్కనే కూతురు నిలబడి గోడ మీది క్యాలెండర్ చూస్తూండడం కూడా రాశాను.

నేను రోజూ చేసేది అదే. టీ తాగాక, పేపరు విప్పకముందు, ఒక్క పేజీ. నిన్న చూసిందో విన్నదో ఒకటి. దానికి దస్తావేజు నుంచే ఒక పద్ధతి తెచ్చుకున్నాను: చెక్కుబందీ. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ పంటకాలువ, ఉత్తరాన ఎవరి దొడ్డి అని నాలుగు వైపులా తేల్చకపోతే ఆ స్థలం కాగితం మీద ఎక్కడా లేనట్టే లెక్క. రాతలోనూ అంతే. "పల్లె అందాలు", "మానవ సంబంధాలు" అని మొదలుపెట్టినవాడు మూడో రోజుకే ఆగిపోతాడు, ఎందుకంటే వాటికి హద్దుల్లేవు. బస్టాండులో మల్లెపూలు అమ్మే మనిషి మూర కొలిచేటప్పుడు మోచెయ్యి ఎంత మడుస్తుందో రాయమనండి, పేజీ చాలదు. రాయడానికేమీ తోచడం లేదనే ఫిర్యాదు నూటికి తొంభైసార్లు హద్దులు వేసుకోకపోవడం వల్ల వచ్చేదే.

ప్రతిభ ఉన్నవాళ్లకు ఈ బాధ అక్కర్లేదనే వాదన ఒకటుంది. వెంటనే విశ్వనాథ సత్యనారాయణను సాక్ష్యానికి పిలుస్తారు. 'వేయిపడగలు' 29 రోజుల్లో ఆశువుగా చెబుతూంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారని ప్రతీతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ఆ నవల అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. సరే. ఆ 29 రోజులకు ముందు ఆయన ఎన్నేళ్లు పద్యం మీద, పాట మీద కూర్చున్నారో ఎవరూ లెక్కవేయరు. కథకుడు కారా మాస్టారి పేరు ఇంకో రకంగా వాడుకుంటారు. ఆయన రాసిన కథలు తక్కువే కదా అని. నిజమే. కానీ ఆయన ఇతరుల కథలు చదివారు, సేకరించారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయమే కట్టారు. తక్కువ రాసే హక్కు కావాలనేవాళ్లు ఆ పనిలో పదోవంతు చేసి అడగాలి.

నా మనిషి వేరే ఉన్నాడు. ఆంథొనీ ట్రాలప్ అనే ఆంగ్ల నవలాకారుడు. తపాలా శాఖలో ఉద్యోగం. తెల్లవారుజామున అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చుని, ఎదుట గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. తనను నిద్రలేపి కాఫీ ఇవ్వడానికి పనివాడికి ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చాడు. అలా 47 నవలలు. ఇదంతా ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నాడు. ఆయన పోయాక 1883లో అది అచ్చయితే, కళను గుమాస్తాగిరీ చేశాడని కొందరు ముఖం చిట్లించారు. గుమాస్తాగిరీలో చిన్నతనమేమిటో నాకు అర్థం కాదు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మా తెనాలిలోనే నటరాజన్ అనే తమిళుడు హోటళ్లలో పనిచేస్తూ, తెలుగు నేర్చుకుని, 'శారద' పేరుతో 'మంచీ చెడూ', 'అపస్వరాలు' లాంటి నవలలు రాశాడు. ముప్ఫై దాటీ దాటకముందే, 1955లో పోయాడు. పేదరికం రచయితను తయారుచేస్తుందని చెప్పను, అది ఆయన్ను తినేసింది. టైం లేదనే మాట మాత్రం ఆయన ఊళ్లో అనడానికి నాకు నోరు రాదు.

ఒక రోజు తప్పితే? తప్పనివ్వండి. మర్నాడు రెండు పేజీలు రాసి బాకీ తీర్చవద్దు. బాకీ పెరిగినవాడు పుస్తకమే మూసేస్తాడు. రాసింది వెంటనే ఫోన్లో ఎక్కించవద్దు కూడా. లైకులు వచ్చినా ప్రమాదమే, రాకపోయినా ప్రమాదమే.

ఈ అలవాటు పిల్లలకు రావలసిన చోట మనమే పోగొడుతున్నాం. మా అమ్మాయి విహారయాత్ర గురించి మిత్రురాలికి లేఖ రాస్తే మంచి మార్కులే వచ్చాయి. ఆ యాత్రకు తను వెళ్లలేదు, ఆ మిత్రురాలు లేదు, వాక్యాలు గైడులోవి. నా దస్తావేజులో కనీసం సర్వే నంబరు నిజం.

తెలుగు మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒకటే. రోజూ పది నిమిషాలు పిల్లల చేత నిన్న చూసింది రాయించండి. దానికి మార్కులు వేయకండి, ఎర్రసిరా తగలనివ్వకండి, ఇంటికి పంపి తల్లిదండ్రుల సంతకాలు అడగకండి. సిలబస్ ఏమీ వెనకబడదు.